గ్యాస్ దొరికింది సరే, ఎంతకు?

సంపాదకులు గారికి నమస్కారం.

చమురు, గ్యాస్ మీద ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. సాంకేతికత పెరిగేకొద్దీ భూమిలోంచి చమురు తీసే ఖర్చు పడిపోతూ వస్తుందనీ, అమెరికాలో షేల్ (గ్యాస్, చమురు బిగుసుకుపోయి ఉండే పలకరాయి) తవ్వకం అందుకు రుజువనీ, రేపు మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ అదే జరిగి గ్యాస్ చవకవుతుందనీ దాని సారాంశం. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగం గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. ఉత్తరం పొడవైందనుకుంటే కత్తిరించుకోండి, అంకెలున్న చోట మాత్రం కత్తెర పెట్టకండి.

నాది రాజోలు. ఉద్యోగమంతా డ్రిల్లింగ్ రిగ్గుల మీదే గడిచింది. రిగ్‌మన్‌గా చేరి, టాప్‌మన్ అయ్యి, షిఫ్టు నడిపే స్థాయికి వచ్చి రిటైరయ్యాను. ఆర్థిక శాస్త్రం చదవలేదు. బావి ఖర్చు ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో మాత్రం బూట్లకు మడ్ (తవ్వేటప్పుడు బావిలోకి పంపే చిక్కటి బురద) అంటించుకుని చూసినవాణ్ణి.

బావి ఖర్చులో పెద్ద భాగం రోజుల లెక్క. రిగ్గుకు రోజు అద్దె. మడ్ వాళ్ళు, సిమెంటింగ్ వాళ్ళు, లోపలి పొరలను కొలిచే లాగింగ్ వాళ్ళు, క్రేను, జనరేటర్ల డీజిలు, అన్నీ రోజు చొప్పునే. కింద బిట్ (రాయిని తొలిచే మొన) తిరిగినా, తిరక్కుండా కూర్చున్నా కట్టాల్సిందే. మేం చేరిన కొత్తలో మూడు కోన్ల బిట్లు వాడేవాళ్ళం. గట్టి రాయి తగిలితే రెండు మూడు రోజులకే పళ్ళు అరిగిపోయేవి. బిట్ మార్చాలంటే లోపలున్న పైపంతా పైకి లాగాలి. మూడేసి పైపులు కలిపి ఒక స్టాండు. స్టాండు పైకి వచ్చినప్పుడల్లా రిగ్గు పైన ఉండే మంకీ బోర్డు అనే బల్ల మీద నిలబడ్డ టాప్‌మన్ నడుముకు బెల్టు బిగించుకుని, గాల్లోకి వంగి, పైపు మెడకు తాడు వేసి లాగి, దాన్ని వరసలో నిలబెట్టాలి. కింద ఫ్లోరు మీద పైపులు విప్పే టాంగ్స్ (పెద్ద పట్టుకార్లు) వేసేవాళ్ళ నెత్తిన మడ్ ధారగా కారుతుంటుంది. మూడు వేల మీటర్ల బావికి ఇలాంటి స్టాండ్లు వందకు పైనే. అరిగిన బిట్ విప్పి, కొత్తది బిగించి, మళ్ళీ అన్నీ ఒక్కొక్కటే దించాలి. బావి ఒక్క అడుగు లోతు పెరక్కుండానే ఒక పగలూ రాత్రీ అయిపోయేది. బావి ఎటు వంగుతోందో తెలుసుకోవాలన్నా అంతే. పని ఆపి, కెమెరా ఉన్న పరికరం దించి, పైకి తీశాక ఫిల్ము కడిగి చూసుకునేవాళ్ళం.

తరవాత కృత్రిమ వజ్రపు బిళ్ళలు పొదిగిన పీడీసీ బిట్లు వచ్చాయి. అవి రాయిని నలగ్గొట్టవు, చెక్కుకుంటూ పోతాయి. రాయి అనుకూలిస్తే ఒకే బిట్‌తో ఒక సెక్షన్ మొత్తం అయిపోతుంది. పైపును పైనుంచే తిప్పే మోటారు, టాప్ డ్రైవ్, వచ్చింది. బిట్ వెనకాలే కూర్చుని, తానెక్కడున్నదీ మడ్‌లో ఒత్తిడి తరంగాల ద్వారా పైకి చెప్పే పరికరం వచ్చింది. ఫిల్ము కడిగే పని పోయింది. సాంకేతికత ఖర్చు తగ్గించదని నేనెలా అంటాను? నా కళ్ళముందే తగ్గింది.

అయితే అలా మిగిలిన రోజులు ఎటుపోయాయో వ్యాసంలో లేదు. ఇంకా లోతుకు వెళ్ళడానికి ఖర్చయిపోయాయి. గోదావరి డెల్టాలో 1970ల చివర నర్సాపురం వైపు గ్యాస్ కనబడ్డాక, అందుబాటులో ఉన్న పొరలను ముందు తీసుకున్నాం. ఎవరైనా అదే చేస్తారు. అవి ఒత్తిడి తగ్గి నీరసించాక మిగిలింది అడుగున ఉన్న వేడి రాయి, విపరీతమైన ఒత్తిడి. అక్కడికి దిగాలంటే బావి గోడకు ఆనించే కేసింగ్ పైపు మందం పెరగాలి, ప్రమాదంలో బావి నోరు మూసే బీఓపీ సామర్థ్యం పెరగాలి, సిమెంటు రకం మారాలి. మడ్‌లో మన మంగంపేట ముగ్గురాయి పొడి బస్తాల కొద్దీ కలిపి బరువు పెంచుకుంటూ పోవాలి. కింది నుంచి గ్యాస్ తన్నుకు రాకుండా ఆపేది ఆ బరువే. ఆ బరువు తప్పితే ఏమవుతుందో కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో అంటుకున్న బావి 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళకు ఆ రోజుల్లో రాత్రి లేదు. దాని తరవాత జాగ్రత్తల కోసం పెరిగిన ఖర్చును దండగ అనేవాళ్ళు నా ముందుకు రాకుండా ఉంటే మంచిది.

ఇక అమెరికా సంగతి. ఆ విజయాన్ని నేనేమీ తక్కువ చేయను. రాయిని నీటి ఒత్తిడితో పగలగొట్టే ప్రయోగం 1947లోనే కాన్సస్‌లో జరిగింది. జార్జ్ మిచెల్ అనే ఆయన టెక్సస్‌లో ఫోర్ట్ వర్త్ దగ్గర బార్నెట్ షేల్‌లో ఏళ్ళ తరబడి డబ్బు పోసి, 1998 ప్రాంతంలో చిక్కటి జెల్లు మానేసి పల్చటి నీటితో పగలగొట్టే పద్ధతి పట్టుకున్నారు. దానికి అడ్డంగా తవ్వే విద్య తోడయ్యాక కథ మారింది. 2008 జూలైలో అక్కడ గ్యాస్ ఎంఎంబీటీయూకు (గ్యాస్‌ను అది ఇచ్చే వేడిని బట్టి కొలిచే లెక్క, పది లక్షల బీటీయూలు) 13 డాలర్లు పలికింది. 2012 ఏప్రిల్ నాటికి 2 డాలర్ల లోపుకు పడింది. చమురు 2008లో రోజుకు 50 లక్షల పీపాలు తీసేవారు, 2024లో కోటీ 32 లక్షలు. మా వృత్తివాళ్ళకు దిమ్మ తిరిగే లెక్క ఇంకోటుంది. 2014 అక్టోబరులో అక్కడ చమురు రిగ్గులు 1,609 తిరుగుతుండేవి. 2024 ఆఖరుకు ఐదు వందల లోపే. మూడో వంతు రిగ్గులతో అంతకన్నా ఎక్కువ చమురు! ఒకే చోట నాలుగైదు బావులు వరసగా తవ్వుతారు, రిగ్గు విప్పకుండానే కాళ్ళున్నట్టు పక్కకు జరుగుతుంది, రాతి పొరలో రెండేసి మైళ్ళు అడ్డంగా పోతారు.

ఆ చవక ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. పడమటి టెక్సస్ వైపు పెర్మియన్ అనే చమురు ప్రాంతంలో ఒక బావికీ పక్క బావికీ అంత పెద్ద తేడా ఉండదు. దాదాపు ఒకే తరహా రాయి, చదునైన బీడు నేల. ఒకే పనిని వేలసార్లు చేస్తే ఎవరికైనా చెయ్యి తిరుగుతుంది. చుట్టూ పైపులైన్లు, అద్దె రిగ్గులు, ఇసుక లారీలు, అప్పిచ్చే బ్యాంకులు ముందే సిద్ధంగా ఉన్నాయి. పైగా అక్కడ చాలాచోట్ల పొలం కింద ఖనిజం కూడా పొలం ఆసామిదే. రాయల్టీ చెక్కు ఇంటికొస్తుంటే పెరట్లో రిగ్గు మోత అంతగా వినబడదు. మన దగ్గర నేల మీదిదే మనది, లోపలున్నది సర్కారుది. కొబ్బరి తోటలో డ్రిల్ సైటు వేస్తే రైతుకు చేరేది చెట్ల పరిహారం, లీజు డబ్బు. ఇక షేల్ బావి ఒక్కోదానికి కోట్ల లీటర్ల నీళ్ళు కావాలి, అదీ ఇల్లూ ఇల్లూ ఆనుకుని, కాలవ మీద కాలవ ఉన్న డెల్టాలో. 2013లో అమెరికా ఇంధన సమాచార సంస్థ మన దేశంలో 96 టీసీఎఫ్ (ఒక టీసీఎఫ్ అంటే లక్ష కోట్ల ఘనపుటడుగులు) షేల్ గ్యాస్ తీయవచ్చని లెక్కగట్టింది. అందులో కృష్ణా-గోదావరి వాటా కూడా ఉంది. ఇన్నేళ్ళయినా అందులోంచి మన పొయ్యి దాకా వచ్చింది లేదు. యంత్రం ఓడ మీద వస్తుంది. ఆ నేల, ఆ చట్టం, ఆ పైపులైన్లు ఓడ మీద రావు.

చవకలోనూ తిరకాసుంది. మా మేనల్లుడు హ్యూస్టన్‌లో రిజర్వాయర్ ఇంజనీరు. 2024 వేసవిలో ఫోన్ చేసి, "మావయ్యా, పడమటి టెక్సస్‌లో గ్యాస్ తీసుకుపోయేవాడికి కంపెనీలే ఎదురు డబ్బులిస్తున్నాయి" అన్నాడు. నిజమే, అక్కడి వాహా అనే కేంద్రంలో ఆ ఏడాది చాలా రోజులు ధర సున్నా కిందే ఉంది. చమురు కోసం తవ్విన బావుల్లో గ్యాస్ కూడా వస్తుంది, మోసుకుపోయే పైపులైన్లు నిండిపోయాయి, ఊరికే తగలబెట్టడానికి ఆంక్షలున్నాయి. అదే నెలల్లో ఆసియాకు ఓడ మీద వచ్చే గ్యాస్ 10 డాలర్ల పైమాట. "మరి ఆ గ్యాస్‌లో ఒక పాయ రాజోలు పంపరా" అన్నాను. "పైపు వేయించు మావయ్యా" అని నవ్వాడు.

ఇంకో మాట కూడా వాడే చెప్పాడు. షేల్ బావి ఉత్పత్తి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. ఉత్పత్తి నిలబడాలంటే తవ్వుతూనే ఉండాలి. మంచి చోట్లు ముందు అయిపోతాయి. డాలస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఏటా చమురు కంపెనీలను, కొత్త బావి గిట్టుబాటు కావాలంటే పీపా ఎంత పలకాలి అని అడుగుతుంది. 2020లో సగటున 49 డాలర్లన్నారు. 2025లో 65 అన్నారు. ఆ ఐదేళ్ళలో సాంకేతికత వెనక్కి పోయిందా? లేదు కదా. రాయి గట్టిపడుతోంది, ఇనుము ధర, కూలి పెరిగాయి. సాంకేతికత ఒకవైపు లాగుతుంటే భూమి ఇంకోవైపు లాగుతుంది. ఏ పదేళ్ళలో ఎవరు గెలుస్తారో ముందే చెప్పగలిగినవాడు నాకు తారసపడలేదు.

ఇప్పుడు మన సముద్రానికి వస్తాను. వ్యాసకర్త ఇక్కడే తొందరపడ్డారు.

కాకినాడ ఎదురుగా సముద్రంలో రిలయన్స్ కంపెనీ తవ్విన కేజీ-డీ6 బ్లాకులో 2002లో గ్యాస్ దొరికింది. కిలోమీటరు అటూ ఇటూ లోతు నీటి అడుగున బావులు. వాటి తలలు సముద్రపు నేల మీదే ఉంటాయి. మనిషి దిగలేడు, రోబోలే బిగించాలి. అక్కడి నుంచి పైపుల్లో గాడిమొగ తీరానికి గ్యాస్ తేవాలి. అప్పటికి మన దేశంలో అలాంటి పని ఎవరూ చేయలేదు. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ వచ్చింది. సాంకేతికంగా అది ఘనకార్యమే. మొదటి ప్రణాళికలో పెట్టుబడి సుమారు 240 కోట్ల డాలర్లు, రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్లు. 2006లో దాన్ని 880 కోట్ల డాలర్లకు, 8 కోట్ల ఘనపు మీటర్లకు పెంచారు. 2010లో ఉత్పత్తి 6 కోట్లు దాటింది. 8 కోట్లకు ఎన్నడూ చేరలేదు. 2013కల్లా కోటిన్నర లోపుకు దిగింది. తీయగలిగిన నిల్వ పది టీసీఎఫ్ అన్నది మూడు టీసీఎఫ్ అయింది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, రాయి తీరు అనుకున్నట్టు లేదు, బావుల్లోకి నీళ్ళూ ఇసుకా వచ్చాయని కంపెనీ. ఆ తగువు తీర్చేవాణ్ణి నేను కాదు. 2020 ఫిబ్రవరిలో ఆ మొదటి క్షేత్రాలు మూతబడ్డాయి.

ఆ గ్యాస్‌ను నమ్ముకుని మన జిల్లాల్లో ఎన్ని కరెంటు ప్లాంట్లు వెలిశాయి! వేమగిరి, జేగురుపాడు, సామర్లకోట, రావులపాలెం దారిలో పోతుంటే కనబడే ఆ చిమ్నీల్లో చాలావాటికి ఏళ్ళ తరబడి పనే లేకుండా పోయింది. అప్పులు మాత్రం పెరిగాయి. బ్యాంకులు మునిగాయి, అంటే మనమే.

అంతకుముందు, 2005లో, అదే తీరంలో దీన్‌దయాళ్ క్షేత్రంలో 20 టీసీఎఫ్ గ్యాస్ ఉందని గుజరాత్ ప్రభుత్వ సంస్థ తరఫున ప్రకటన వచ్చింది. 20 లక్షల కోట్ల ఘనపుటడుగులు. ఇక కాకినాడ దుబాయ్ అయిపోతుందని టీ కొట్ల దగ్గర పందాలు నడిచాయి. అది వేడి, ఒత్తిడి, బిగుసుకుపోయిన రాయి కలిసిన చోటు. 2017లో అందులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ సుమారు 120 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అక్కడి నుంచి వచ్చిన గ్యాస్ ఆ ప్రకటనకు దరిదాపుల్లో కూడా లేదు. భూమిలోకి తరంగాలు పంపి తీసే సీస్మిక్ బొమ్మలో పొర ఎంత మందంగా ఉందో కనబడుతుంది. ఆ పొర తన గ్యాస్‌ను బావిలోకి వదులుతుందా లేదా అన్నది బొమ్మలో కనబడదు. కనబడినట్టే ఉంటుంది, అదే ప్రమాదం.

మరి ఓడిపోయామా అంటే, లేదు. 2020 డిసెంబరులో అదే డీ6లో రెండు వేల మీటర్ల లోతు నీటిలో ఆర్-క్లస్టర్ అనే కొత్త క్షేత్రం మొదలైంది. ఆసియాలో అంతకన్నా లోతైన గ్యాస్ క్షేత్రం అప్పటికి లేదు. 2021లో శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే అనే క్షేత్రాలు కలిశాయి. మొత్తం రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చాయి. దేశంలో తీసే గ్యాస్‌లో దగ్గర దగ్గర మూడో వంతు మన కాకినాడ ఎదురుగా సముద్రంలోంచే వచ్చిందన్నమాట. పక్క బ్లాకులో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో చమురు తీసింది. ఇరవై ఏళ్ళ కిందటైతే ఇదంతా కాగితం మీదే ఉండేది. సాంకేతికత లేకపోతే ఈ గ్యాస్ లేదు. ఈ మాట ఎన్నిసార్లయినా ఒప్పుకుంటాను.

అయితే ధర చూడండి. 2009లో డీ6 గ్యాస్ ధర 4.20 డాలర్లు. అది ఎక్కువని గగ్గోలు లేచింది, ధర తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. లోతు సముద్రపు గ్యాస్‌కు ప్రభుత్వం పెట్టే గరిష్ఠ పరిమితి 2023 అక్టోబరు నుంచి 2025 ఆఖరు దాకా 10 డాలర్ల అటూ ఇటూనే ఉంది. మధ్యలో పధ్నాలుగేళ్ళ సాంకేతిక ప్రగతి నడిచింది. ధర రెండింతలు దాటింది.

ఇదెలా జరిగింది? బావి ఖర్చు ఎంతయింది, దాని మీద లాభం ఎంత అని లెక్కగట్టి పెట్టిన ధర కాదిది. దిగుమతయ్యే ద్రవ గ్యాస్, ఫర్నేస్ ఆయిల్, నాఫ్తా, బొగ్గు లాంటి వాటి ధరలు చూసి వేసే పరిమితి. రోబోలు ఎంత బాగా పనిచేసినా అది దిగదు. కతర్ ఓడ ధర దిగితే దిగుతుంది. పాత బావుల గ్యాస్‌కు 2023 ఏప్రిల్ నుంచి ముడి చమురు ధరలో పదో వంతు అన్న సూత్రం పెట్టి, 4 డాలర్లకు తగ్గకుండా, మొదట 6.50 దాటకుండా కట్టడి చేశారు. ఆ బావుల ఖర్చులో చాలాభాగం ఎప్పుడో రాబట్టుకున్నారు కాబట్టి అది సాధ్యమైంది. వాటిల్లోనే కొత్తగా తవ్విన బావి గ్యాస్‌కు 20 శాతం ఎక్కువ ఇస్తామన్నారు. ఇవ్వకపోతే ఎవడూ తవ్వడు, అదీ నిజమే.

రెండో సంగతి డాలరు. 2009లో డాలరు 48 రూపాయల దగ్గర ఉండేది, ఇప్పుడు 85 దాటిపోయింది. మన సముద్రం, మన మనుషులు, మన ముగ్గురాయి, ధర మాత్రం డాలర్లలో. మంచి ప్లాంటులో ఒక ఎంఎంబీటీయూ గ్యాస్‌తో సుమారు 140 యూనిట్ల కరెంటు వస్తుంది. 4.20 డాలర్ల రోజుల్లో యూనిట్‌కు ఇంధనం ఖర్చు రూపాయిన్నర లోపే. 10 డాలర్లయితే ఆరు రూపాయల పైన, రవాణా, పన్నులు కాకుండానే. పగటి పూట సోలార్ కరెంటు మూడు రూపాయల లోపు దొరుకుతుంటే గ్యాస్ ప్లాంటు తలుపు ఎవరు తడతారు? సాంకేతికత చవక చేసింది నిజమే, సోలార్ పలకను. నా వృత్తి పరంగా ఇది రాయడం కాస్త కష్టంగానే ఉంది.

మూడో సంగతి మా లోపలి వ్యవహారం, బయటివాళ్ళు పట్టించుకోరు. చమురు ధరకు, రిగ్గు అద్దెకు చుట్టరికం ఉంది. 2013-14లో చమురు వంద డాలర్ల పైన ఉన్నప్పుడు లోతు నీటిలో తవ్వే డ్రిల్‌షిప్ అద్దె రోజుకు ఐదు లక్షల డాలర్లు దాటింది. 2016 జనవరిలో చమురు 30 కన్నా తగ్గాక అదే ఓడలు రెండు లక్షలకూ తక్కువకు దొరికాయి, కొన్నిటిని తుక్కు కింద అమ్మేశారు. 2023-24 వచ్చేసరికి మళ్ళీ ఐదు లక్షల దగ్గరికి చేరాయి. అదే ఓడ, అదే యంత్రం. కొత్త పరికరం వల్ల తవ్వకం పది రోజులు తగ్గినా, రోజు అద్దె రెట్టింపయితే మిగిలేదేముంది? ఖర్చు తగ్గితే ధర తగ్గుతుందని వ్యాసకర్త రాశారు. ధర తగ్గి ఖర్చును దింపడం, ధర పెరిగి ఖర్చును పైకి లాగడం నేను ఎక్కువగా చూశాను.

ద్రవ గ్యాస్ గురించి కూడా ఒక మాట. గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ఆరు వందల వంతుకు కుదించుకుపోతుంది, ఓడ ఎక్కుతుంది. గొప్ప విద్యే. ఓడ ఎక్కే వీలు దొరికాక గ్యాస్ ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ దగ్గరికి పోతుంది. 2020 వేసవిలో ఆసియాలో 2 డాలర్ల దాకా పడిన ఓడ గ్యాస్, యుక్రెయిన్ యుద్ధం వచ్చిన ఏడాది, 2022 ఆగస్టులో, 50 డాలర్లు దాటింది. యూరప్ కొనేసుకుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ కరెంటు కోతల్లో కూర్చున్నాయి. అందుబాటు పెంచిన సాంకేతికతే పేదవాడికి అందకుండా చేసిన సందర్భమిది. మన తూర్పు తీరంలో ఎన్నూరులో 2019లో, ధామ్రాలో 2023లో టెర్మినళ్ళు వచ్చాయి. కాకినాడ, గంగవరం దగ్గర అనుకున్నవి ఇంతవరకు ఒక్క ఓడనూ దించుకోలేదు.

ఇంతకీ మా వీధిలో అడిగే ప్రశ్న వేరు. "మన కింద ఇంత గ్యాస్ ఉంటే సిలిండర్ ఎందుకండీ చవక కాదు?" అంటారు. బావిలోంచి వచ్చేదాంట్లో అధిక భాగం మీథేన్. అది పైపులో వస్తుంది, ఆటోల్లో సీఎన్‌జీగా పోతుంది. సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. అందులో సగానికి పైగా దిగుమతే, ధర సౌదీ కంపెనీ నెలనెలా ప్రకటించే అంకెను బట్టి నడుస్తూ వచ్చింది. 2025 నవంబరులో మన ప్రభుత్వ కంపెనీలు 2026కు గాను అమెరికా నుంచి 22 లక్షల టన్నుల ఎల్పీజీ కొనే ఒప్పందం చేసుకున్నాయి. అమెరికాలో ఎల్పీజీ అంత మిగులుగా ఉండటానికి ప్రధాన కారణం షేల్ బావులే. కాబట్టి ఆ టెక్సస్ విద్య మన వంటింటి దాకా రాదని నేననను. వచ్చే దారి మాత్రం కోనసీమ నేలలోంచి కాదు, విశాఖ రేవులో దిగే ఓడలోంచి. ఓడ కిరాయి, డాలరు రేటు, మధ్యలో యుద్ధాలు అన్నీ దాటుకుని.

సంపాదకులు గారూ, ఇంత రాసింది వ్యాసకర్తతో గొడవ పెట్టుకోవడానికి కాదు. మీ దగ్గర ఒక పని ఉంది. మన తీరంలో గ్యాస్ పడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ పత్రికలన్నీ టీసీఎఫ్‌లు మొదటి పేజీలో వేస్తాయి. ఆ అంకె కింద ఇంకో మూడు అడిగి వేయండి. అందులో తీయగలిగింది ఎంత? పరీక్షలో బావి రోజుకు ఎంత పారింది, ఎన్ని గంటలు పారించి చూశారు? ఎంఎంబీటీయూకు ఎన్ని డాలర్లు వస్తే వాళ్ళకు గిట్టుతుంది? మొదటి రెండింటికి జవాబు చెప్పడానికి కంపెనీలకు పెద్ద ఇబ్బంది ఉండదు. మూడోది అడిగితే విలేకరికి టీ ఇచ్చి పంపేస్తారు. జవాబు చెప్పలేదన్న సంగతి కూడా వార్తలో రాయండి.

లోతు సముద్రపు గ్యాస్ పరిమితి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. పాత బావుల ధర నెలనెలా ప్రకటిస్తారు. రోజూ బంగారం, వెండి ధరలు వేసే మూల పక్కన ఆ రెండు అంకెలూ, గాడిమొగకు, ఓడలరేవుకు ఆ నెల చేరిన గ్యాస్ ఎంతో ఒక వరసా వేస్తే చాలు. నాలుగంగుళాల చోటు కూడా పట్టదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రిల్లర్,
రాజోలు, కోనసీమ జిల్లా.